పావుకిలో ఖీమాకు మసాలా ఎంత?

ఆదోనిలో నేను కొన్న కబాబు మసాలా ప్యాకెట్టు మీద కిలో మాంసానికి 50 గ్రాములని ఉంది. ఇద్దరమున్న ఇంట్లో కిలో ఖీమా ఎవరు తినాలి? పావుకిలోకు 12.5 గ్రాములు. లెక్క తేలికే, చిక్కంతా చెంచాతోనే. కుప్పగా తీసిన చెంచాకూ, అంచుకు సమంగా తీసిన చెంచాకూ తూకంలో పొంతన ఉండదు. పైగా ఉప్పు రవ్వ అడుగుకు జారుతుంది. మొదటి వాయి చప్పిడి, చివరి వాయి ఉప్పుకషాయం. నింద మాత్రం వండినవారికి!

పక్కనే ఎమ్మిగనూరు, మగ్గాల ఊరు. నూలుకు రంగు వేయాలంటే నూలు బరువులో ఇంత శాతమని తూచి వేయడం పద్ధతి. లేకుంటే ఒక చీర రంగు మరొక చీరకు రాదు. ఖీమాకు అదెందుకు పనికిరాదు?

నా మటుకు నేను ప్యాకెట్టంతా గిన్నెలో కుమ్మరించి, బాగా కలిపి, చిన్న కాటా మీద తూస్తాను. ఉప్పు అందులోనే ఉంది కనుక విడిగా వేయను. ముందు ఉసిరికాయంత ముద్ద పెనం మీద కాల్చి రుచి చూస్తాను.

"చేతి కొలతుండగా కాటా ఎందుకురా?" అంటుంది అమ్మ. ఆ చేయి తాను దంచిన మసాలాను ఎరుగును; ఎవరో కలిపిన పొడిని ఎట్లా ఎరుగుతుంది? 100 గ్రాములకు 5 గ్రాములని ప్యాకెట్టు మీద అచ్చువేస్తే ఎవరి సొమ్ము పోతుందో!