కంప్యూటర్ల శ్రమదానం – మన వంతు ఎంత?

మన హాస్టల్ వార్షికోత్సవ వేదిక ఎక్కిన పెద్దలు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది. సమాజం నుంచి తీసుకున్నది సమాజానికి తిరిగి ఇవ్వాలి అని. మంచి మాటే. కానీ విన్న ప్రతిసారీ మాకు ఒక సందేహం కలుగుతుంది. మెస్ ఛార్జీల మీద, స్కాలర్‌షిప్ మీద చదువుకుంటున్న వాళ్లం ఇప్పటికిప్పుడు ఇవ్వగలిగింది ఏముంది? ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు, అక్కలు కూడా ఇంటి అప్పులు, తమ్ముళ్ల చదువులు, చెల్లెళ్ల పెళ్లిళ్లు పోగా మిగిల్చి ఇవ్వగలిగింది ఎంత?

దీనికి జవాబుగా కొందరు మిత్రులు ఒక సంగతి మా ముందుకు తెచ్చారు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు, తాము వాడుకోగా మిగిలిన దాని శక్తిని శాస్త్ర పరిశోధనలకు ఉచితంగా ఇవ్వవచ్చునట. డబ్బు ఇవ్వనక్కర్లేదు, పెద్ద డిగ్రీలు ఉండనక్కర్లేదు. మేము దీని గురించి కొంత చదివాం, రూముల్లో కూర్చుని చర్చించుకున్నాం. మా అభిప్రాయం ముందే చెబుతాం. ఇది మంచి దానమే, చేయదగినదే. అయితే మూడు ప్రశ్నలు వేసుకున్న తర్వాతే చేయాలి. మిగిలింది అనుకుంటున్నది నిజంగా మిగిలిందేనా? అది మనదేనా? అది ఎవరికి ఉపయోగపడుతోంది?

చేను ఒకటి, మునుములు అనేకం

మన ఊళ్లలో కలుపు తీయడానికి దిగినప్పుడు చేనంతా ఒక్కరే తీయరు. ఒక్కొక్కరు ఒక్కో మునుం పట్టుకుంటారు. ఎవరి మునుం వారు తీసుకుంటూ పోతే పొద్దు గూకే వేళకు చేను శుభ్రపడుతుంది. ఈ పద్ధతి వెనుక ఉన్న సూత్రం కూడా అదే. ఒక విశ్వవిద్యాలయం దగ్గర, ఒక్క కంప్యూటర్ మీద చేస్తే వందల ఏళ్లు పట్టే పెద్ద లెక్క ఉంటుంది. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి ఇంటర్నెట్ ద్వారా లక్షల ఇళ్లకు పంపుతారు. మన కంప్యూటర్ తన ముక్క పూర్తి చేసి, జవాబు పంపి, ఇంకో ముక్క తెచ్చుకుంటుంది. మనం టైపు చేసుకుంటున్నా, సినిమా చూస్తున్నా ఆ పని వెనక్కి తగ్గి మనకు దారి ఇస్తుంది.

ఎవరో తెలియని వాళ్ల కంప్యూటర్ పంపిన జవాబును నమ్మడం ఎలా అన్న అనుమానం మాకూ వచ్చింది. అందుకే చాలా ప్రాజెక్టుల్లో ఒకే ముక్కను ఇద్దరికి పంపి, రెండు జవాబులూ కలిస్తేనే తీసుకుంటారు. అలాగని అన్ని లెక్కలూ ఇలా పంచడానికి కుదరవు. ఒక ముక్క జవాబు వస్తే గాని రెండోది మొదలుపెట్టలేని లెక్కలుంటాయి. నాట్లు పడకుండా కోతకు కూలీలను పిలవలేం కదా.

ఈ ప్రయత్నాల్లో తొలి తరానికి చెందినది 1996లో అమెరికాలో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన ప్రధాన సంఖ్యల అన్వేషణ. దీన్ని జింప్స్ అంటారు. ఎక్కువ మందికి తెలిసినది మాత్రం 1999 మే నెలలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ వారు మొదలుపెట్టిన సెటి ఎట్ హోమ్. ప్యూర్టో రికోలోని అరెసీబో రేడియో టెలిస్కోపు పట్టిన సంకేతాల్లో భూమికి అవతల ఉన్న బుద్ధిజీవుల జాడ ఏమైనా ఉందేమోనని వెతకడం దాని పని. 50 లక్షలకు పైగా జనం అందులో చేరారు. అవతలి జీవులు దొరకలేదు. 2020 మార్చి 31తో కొత్త పని పంచడం ఆపేశారు. కానీ మామూలు ఇళ్లలోని కంప్యూటర్లు కలిస్తే ఎంత పని చేయగలవో అది లోకానికి చూపించింది. ఆ విశ్వవిద్యాలయంలోనే 2002లో డేవిడ్ ఆండర్సన్ ఆధ్వర్యంలో బాయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తయారీ మొదలైంది. ఈ రోజు అనేక ప్రాజెక్టులు దాని మీదే నడుస్తున్నాయి.

ఒరిగిందేమిటి?

దీని వల్ల ఒరిగిందేమిటని అడిగేవాళ్లకు కొన్ని ఉదాహరణలు చెబుతాం.

2005లో మొదలైన ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ద్వారా 2010లో ఒక కొత్త పల్సార్ బయటపడింది. పల్సార్ అంటే పెద్ద నక్షత్రం పేలిపోగా మిగిలిన, అతివేగంగా తిరిగే గోళం. ఇది సెకనుకు దాదాపు 41 సార్లు తిరుగుతోంది. దాన్ని పట్టుకున్నవి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక దంపతుల కంప్యూటరు, జర్మనీలోని మైంజ్ నగరంలో ఇంకొకరి కంప్యూటరు.

రెండోది ఫోల్డింగ్ ఎట్ హోమ్. 2000 సంవత్సరంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విజయ్ పాండే దీన్ని ప్రారంభించారు. మన శరీరంలోని ప్రోటీన్లు సరైన తీరులో ముడుచుకుంటేనే సరిగా పని చేస్తాయి. ఆ ముడత తప్పడానికీ అల్జీమర్స్ వంటి జబ్బులకూ సంబంధం ఉందని శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ ముడతలు ఎలా పడతాయో లెక్కగట్టడం ఈ ప్రాజెక్టు పని. 2020లో కరోనా వచ్చి లోకమంతా తలుపులు వేసుకున్నప్పుడు లక్షల మంది ఇందులో చేరారు. మార్చి నెలాఖరుకే దాని వేగం సెకనుకు ఒకటి పక్కన 18 సున్నాలు పెట్టినన్ని లెక్కలు దాటింది. అప్పటికి ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న అమెరికా సూపర్ కంప్యూటర్ సమ్మిట్‌ను కూడా అది మించిపోయింది. పేటెంటు లేని కరోనా మందు కోసం జరిగిన కోవిడ్ మూన్‌షాట్ ప్రయత్నానికి కూడా ఈ లెక్కలు తోడయ్యాయి.

మూడోది మనకు బాగా దగ్గరిది. ఐబీఎం సంస్థ 2004లో వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ అనే వేదికను మొదలుపెట్టింది. 2021లో అది కెనడాలోని క్రెంబిల్ పరిశోధన సంస్థ చేతికి వచ్చింది. ఆ వేదిక మీద 2016లో క్షయ వ్యాధి మీద ఒక ప్రాజెక్టు మొదలైంది. క్షయ క్రిమి చుట్టూ మైకోలిక్ ఆమ్లాలతో కూడిన దట్టమైన పొర ఉంటుంది. మందులు లోపలికి పోకుండా అడ్డుపడేది ఆ పొరే. దాని తీరును కంప్యూటర్లో గమనించడం ఆ ప్రాజెక్టు ఉద్దేశం. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఇరుకు ఇళ్లు, చాలీచాలని తిండి ఉన్నచోట ఆ జబ్బు ఎలా పాకుతుందో మన వాడల్లో పుట్టిన వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇలాంటి లెక్కల నుంచి రేపే మాత్ర బయటికి రాదు. కానీ ఎక్కడ దెబ్బ కొట్టాలో తెలియకుండా మందు తయారు కాదు.

ఇదంతా పాత కాలం మాట, ఇప్పుడు పెద్ద కంపెనీల దగ్గర లెక్కలేనన్ని యంత్రాలున్నాయి, మీ ఉడుత సాయం ఎవరికి కావాలి అని ఒక మిత్రుడు వాదించాడు. అతని మాటలో కొంత నిజం ఉంది. 2024 అక్టోబరులో జింప్స్ ద్వారా దొరికిన ప్రధాన సంఖ్యలో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి. దాన్ని కనిపెట్టిన వ్యక్తి ఇంటి కంప్యూటర్‌తో కాక, అనేక దేశాల్లో అద్దెకు తీసుకున్న శక్తిమంతమైన యంత్రాలతో కనిపెట్టాడు. కానీ అద్దె కట్టగలవాళ్లకు ఈ పద్ధతి అవసరం మొదటి నుంచీ లేదు. డబ్బు లేని పరిశోధకుడికి, లాభం రాదని కంపెనీలు పట్టించుకోని జబ్బులకు ఇది కావాలి. బీదవాళ్ల జబ్బులు ఎక్కువగా ఆ కోవలోనివే.

తనకు మాలిన ధర్మం

ఇక మూడు ప్రశ్నలకు వద్దాం. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

మొదటిది, మిగిలింది నిజంగా మిగిలిందేనా? ఎలాగూ ఖాళీగా ఉన్నదే కదా, ఖర్చేముంది అనడం సరికాదు. ఖాళీగా ఉన్న కంప్యూటర్ తక్కువ కరెంటు తీసుకుంటుంది. లెక్కలో మునిగిన కంప్యూటర్ ఎక్కువ తీసుకుంటుంది. అదనంగా 60 వాట్లు అనుకుందాం. రోజుకు 10 గంటల చొప్పున నెలకు 18 యూనిట్లు. శ్లాబు మారితే బిల్లు ఇంకా పెరుగుతుంది. ఎండాకాలం ఆ వేడి కూడా గదిలోనే ఉంటుంది. ఈ పని కోసమే రాత్రంతా కంప్యూటర్ ఆన్‌లో పెట్టడం మిగులు దానం కాదు, జేబులోంచి తీసి ఇచ్చే దానం. ఇవ్వగలవాళ్లు తెలిసి ఇవ్వవచ్చు. ఉద్యోగం వెతుక్కుంటూ గది అద్దె పంచుకుంటున్న తమ్ముడు ఇవ్వకపోతే తప్పు లేదు. ఎలాగూ ఆన్‌లో ఉండే వేళల్లో సగం శక్తే వాడుకోమని సెట్టింగుల్లో పెట్టుకునే వీలుంది. అది మధ్యేమార్గం.

రెండోది, అది మనదేనా? అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక కాలేజీ కంప్యూటర్ ఉద్యోగి, అనుమతి లేకుండా కాలేజీ కంప్యూటర్లలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ పెట్టినందుకు క్రిమినల్ కేసులో ఇరుక్కున్నాడు. 2002లో జరిమానాతో, ప్రొబేషన్‌తో బయటపడ్డాడు. ఉద్దేశం మంచిదే కావచ్చు, సొత్తు మాత్రం అతనిది కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన అన్నలు, అక్కలు కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఇది పెట్టకూడదు. హాస్టల్లోనైనా, కాలేజీలోనైనా రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే పెట్టాలి. మనలాంటి వాళ్ల మీద ఒక మచ్చ పడితే దాన్ని తుడుచుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో మనకు తెలుసు.

మూడోది, ఎవరికి ఉపయోగం? నడిపేది ఎవరు, ఫలితాలు అందరికీ అందుబాటులో పెడతారా, ఏ సమస్య మీద పని చేస్తున్నారు అన్నది చదివి తెలుసుకోవాలి. సేవ పేరు చెప్పి మన కంప్యూటర్‌తో తమ జేబులు నింపుకునే దొంగ సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. ప్రాజెక్టు అసలు వెబ్‌సైటు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ దించుకోకూడదు.

తాళం తీయడమే మొదటి దానం

ఇక్కడ మేము అసలు చెప్పదలచుకున్న మాటకు వస్తాం. కంప్యూటర్ల శక్తి వృథా అవుతోందని బాధపడే ముందు పిల్లల తెలివి ఎక్కడ వృథా అవుతోందో చూడాలి. ఇంతకు ముందు మాలో కొందరు చదువుకున్న ఒక హాస్టల్లో కంప్యూటర్ గది ఉండేది. దానికి తాళం ఉండేది. పాడైపోతాయన్న భయంతో ఏడాదిలో పట్టుమని పది రోజులు కూడా తెరిచేవారు కాదు. కప్పిన గుడ్డ మీద దుమ్ము పేరుకుపోయేది. ఆ కంప్యూటర్లు ఖాళీగా ఉన్నాయని మేము ఒప్పుకోం. వాటి ముందు కూర్చోవాల్సిన పిల్లలు గది బయట ఉన్నారు, అంతే. మౌస్ పట్టుకోవడం డిగ్రీకి వచ్చాక నేర్చుకున్నవాళ్లు మాలో ఉన్నారు.

కాబట్టి వరుస ఇలా ఉండాలి. ముందు పిల్లలు, ఆ తర్వాత పరిశోధన. నిజానికి ఈ రెండింటికీ పోటీ కూడా లేదు. ఒక విద్యార్థి పాఠం చదువుకుంటున్నా, ఉత్తరం టైపు చేస్తున్నా కంప్యూటర్ శక్తిలో చిన్న భాగమే ఖర్చవుతుంది. మిగతాది అదే సమయంలో క్షయ క్రిమి లెక్క చేయగలదు. పోటీ ఉన్నది తాళానికీ చదువుకూ మధ్యనే.

ఇంకో మాట. యంత్రాన్ని అప్పగించి ఊరుకుంటే మనం కరెంటు ఇచ్చినవాళ్లమే అవుతాం. ఆ ప్రోటీన్ ఏమిటి, ఆ పొర ఏమిటి అని అడిగే విద్యార్థి ఒక్కడు మన హాస్టల్ నుంచి వచ్చినా దానం రెండింతలు అవుతుంది. ఏ జబ్బు మీద పరిశోధన జరగాలో నిర్ణయించే చోట రేపు మనవాళ్లు కూర్చోవాలి. లేకపోతే లెక్కలు చేసే కూలీలుగానే మిగిలిపోతాం.

మా సూచనలు

అన్నలకు, అక్కలకు మా మనవి ఇది. కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు పాతది పనిచేసే స్థితిలో ఉంటే అమ్మేసే ముందు ఒక్కసారి మన వార్డెన్ గారిని అడగండి. ఇంట్లో సొంత కంప్యూటర్ ఎలాగూ గంటల తరబడి ఆన్‌లో ఉంటే, ఒక నెల బాయింక్ పెట్టి చూసి, బిల్లు సరిచూసుకుని, వీలైతే కొనసాగించండి. చేసిన పనికి పాయింట్లు వస్తాయి, జట్టుగా చేరే సౌకర్యమూ ఉంది. అందరం మన హాస్టల్ పేరుతో ఒక జట్టు పెట్టుకుందాం.

వార్డెన్ గారికి, అధికారులకు మా విన్నపం. కంప్యూటర్ గది రోజూ సాయంత్రం రెండు గంటలు తెరవాలి. పై తరగతి విద్యార్థులు వంతులవారీగా బాధ్యత తీసుకుంటారు. అనుమతి ఇస్తే ఆ రెండు గంటల్లోనే ఒక ప్రాజెక్టు నడుపుదాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరు చేయాల్సింది ఒకటే. ఆ తెర మీద తిరుగుతున్నది ఏమిటో తెలుసుకుని, ఆదివారం స్టడీ అవర్‌లో మిగతావాళ్లకు చెప్పండి. అర్థం కాకపోతే మమ్మల్ని అడగండి. మాకూ తెలియకపోతే కలిసి చదువుదాం. వచ్చే వార్షికోత్సవానికి మన జట్టు ఎంత పని చేసిందో నోటీసు బోర్డు మీద పెడదాం. ఆ అంకె చిన్నదే కావచ్చు. దాని పక్కనే, ఈ ఏడాది కంప్యూటర్ నేర్చుకున్న పిల్లలు ఎంత మందో కూడా రాద్దాం. ఆ రెండో అంకె పెద్దదిగా ఉండాలని మా కోరిక.