ఒక గది.. మూడు తరగతులు!

డీఎస్సీ కొట్టడమే పెద్ద యుద్ధం అనుకుంటున్నారా? మొదటి పోస్టింగ్ చిన్న పల్లెలో పడితే అసలు పరీక్ష అక్కడే మొదలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీ బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. తరగతులేమో ఐదు! అంటే ఒక్కొక్కరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పాలి. దీన్నే మల్టీగ్రేడ్ అంటారు. నేను పనిచేసేదీ అలాంటి బడిలోనే.

మూడో తరగతికి పాఠం చెబుతూ నాలుగు, ఐదు వాళ్లని ‘ఎక్కాలు రాయండి’ అనడం మామూలుగా జరిగేదే. 40 నిమిషాల పీరియడ్‌ని మూడు తరగతులకు పంచితే ఒక్కోదానికి 13 నిమిషాలు. మిగతా టైమంతా పిల్లలు రాసిందే రాస్తూ కూర్చోవాలి.

అందుకే మా దగ్గర పాఠం ఒకటే, పని మూడు రకాలు. సంతలో కూరగాయల ధరలు బోర్డు మీద రాస్తాను. పది నిమిషాలు అందరితో కబుర్లు. తర్వాత మూడో తరగతి వాళ్లు మొత్తం బిల్లు కూడతారు. టమాటా కిలో 40 అయితే ఆరు కిలోలెంతో నాలుగో తరగతి వాళ్లు, ముప్పావు కిలో ఎంతో ఐదో తరగతి వాళ్లు తేలుస్తారు.

తెలుగుకి కార్డులు చేసుకున్నాం. ఇది మా సొంత ఐడియా కాదు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ చుట్టుపక్కల పల్లె బడుల్లో 1980ల చివరి నుంచే పాఠాలను చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా పేర్చారు. కర్ణాటక ‘నలి-కలి’కి స్ఫూర్తి అదే. పత్తి తీతకు అమ్మానాన్నల వెంట వెళ్లిన పిల్ల పదిహేను రోజులకు తిరిగొచ్చినా బెంగ లేదు. ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలు.

మరి హెచ్ఎం పనేంటి? ఇలాంటి బడిలో హెచ్ఎం కూడా క్లాసు చెప్పే టీచరే. ఆయన మీటింగుకి వెళ్తే ఐదు తరగతులూ నా నెత్తినే! మా సార్ మూడు పనులు చేశారు. ఉదయం మొదటి గంట ఫోనూ రిజిస్టరూ ముట్టుకోరు. ఒక్క టీచరే ఉన్న రోజు ఎవరేం చేయాలో ముందే రాసి గోడకు అంటించారు. ‘అందర్నీ కలిపితే చదువేం వస్తుంది సార్?’ అన్న తల్లిదండ్రుల్ని క్లాసులోనే కూర్చోబెట్టి చూపించారు.

ఆ మూడోదే అసలైన నాయకత్వం. నమ్మకం పోతే పిల్లలు ప్రైవేటు స్కూలు బస్సెక్కుతారు. సంఖ్య పడిపోతే బడి పక్కూరి బడిలో కలిసిపోతుంది. బస్సు ఫీజు కట్టలేని ఇంటి పిల్లకి ఊళ్లో బడే ఉండదు.

కాబట్టి కొత్తగా చేరబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మొదటి వారం తరగతుల లెక్క మర్చిపోండి. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు వాక్యాలు చదివించండి. ఎవరు ఏ మెట్టు మీదున్నారో తెలిశాకే టైమ్‌టేబుల్ వేసుకోండి.