పెట్టె వచ్చింది సరే, పెట్టిందెక్కడ?

పునరుక్తి కావ్యదోషాల్లో ఒకటని తెలుగు మేష్టారు క్లాసులో చెబుతుంటారు. చెప్పిందే మళ్ళీ చెప్పకూడదు. ఈ సూత్రాన్ని కంప్యూటరు నిల్వలకు వర్తింపజేసే యంత్రం ఒకటి ఈ ఏడాది మన కళాశాల సర్వర్ గదికి వచ్చింది. డీడూప్లికేషన్ బ్యాకప్ పెట్టె అంటారు దాన్ని. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. కాని దాన్ని పెట్టిన చోటు చూశాక నా అభ్యంతరం ఈ సంచికలో రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు ఆ పెట్టె చేసే పనేమిటో చెప్పాలి. మార్కులు, హాజరు, ఫీజు లెక్కలు, స్కాన్ చేసిన పాత రికార్డులు అన్నీ కలిపి ఒక టెరాబైటు ఉన్నాయనుకుందాం. వారానికోసారి మొత్తం నకలు తీస్తే పన్నెండు వారాలకు 12 టెరాబైట్ల చోటు కావాలి. మరి వారం వారం నిజంగా మారేదెంత? నూటికి రెండు వంతులనుకుంటే, తక్కిన తొంభై ఎనిమిదీ పోయిన వారం ఉన్నవే గదా! అందుకని పెట్టె తనకొచ్చిన సమాచారాన్ని కొన్ని కిలోబైట్ల ముక్కలుగా కోస్తుంది. ప్రతి ముక్కకూ గణితం ప్రకారం ఒక వేలిముద్ర తీస్తుంది. ఆ వేలిముద్ర తన పట్టీలో ఇదివరకే ఉంటే ముక్కను మళ్ళీ దాచదు, ఫలానా చోట ఉందని గుర్తు మాత్రం రాసుకుంటుంది. అలా 12 టెరాబైట్ల పని 1.22 తో సరిపోతుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన కిటుకు ఒకటుంది. హాజరుపట్టీ మొదట్లో కొత్త పేరొకటి చేరిస్తే కింది పేర్లన్నీ ఒక్కో గడి జరుగుతాయి. కొలబద్ద పెట్టి సమానంగా కోస్తే అప్పుడు ముక్కలన్నీ కొత్తవిగానే కనబడతాయి. అంచేత మంచి యంత్రాలు కొలతను బట్టి కాక, లోపలి సమాచారం వరసను బట్టి ఎక్కడ కోయాలో తేల్చుకుంటాయి. మైకేల్ రాబిన్ 1981లో బహుపదుల సాయంతో చెప్పిన వేలిముద్రల పద్ధతి దీనికి పనికొచ్చింది. (బీజగణితం క్లాసులో కునుకు తీసే మిత్రులు గమనింతురు గాక!) ప్రిన్స్‌టన్ ఆచార్యుడు కై లీ మరికొందరితో కలిసి 2001లో స్థాపించిన డేటా డొమైన్ కంపెనీ ఇలాంటి పెట్టెలకు పేరు తెచ్చింది.

మనవాళ్ళు పెట్టెను అమర్చిన తీరులో మెచ్చుకోవలసినవి ఉన్నాయి. సమాచారాన్ని ముందే కుదించో, రహస్యలిపిలోకి మార్చో పంపితే పెట్టెకు పోలికలు దొరకవు. ఆ రెండూ పంపేచోట ఆపి పెట్టెకే వదిలేశారు. తిరిగి తీసేటప్పుడు చెదిరి ఉన్న ముక్కల్ని ఏరుకురావాలి గనుక ఆలస్యమవుతుంది. అందుకని తాజా నకలొకటి మామూలు డిస్కు మీద కూడా ఉంచారు. ఇంతవరకూ బాగానే ఉంది.

బాగాలేనిదల్లా, ఆ పెట్టెను అసలు సర్వర్‌కు రెండడుగుల దూరంలో, అదే గదిలో, యూపీఎస్ బ్యాటరీల పక్కన పెట్టడం.

దక్షిణ కొరియాలో 2025 సెప్టెంబరు 26 రాత్రి ఏమైంది? డేజాన్ నగరంలోని ప్రభుత్వ సమాచార కేంద్రంలో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. ఆరువందలకు పైగా ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. ఉద్యోగులు తమ పత్రాలు దాచుకునే జీ-డ్రైవ్ అనే నిల్వ, 858 టెరాబైట్లు, కాలిపోయింది. అది మరీ పెద్దది కావడం వల్ల బయట నకలు ఉంచలేదట. చోటు చాలకపోవడమే కదా ఈ పెట్టె తీర్చే కష్టం? తీర్చాక కూడా మనం దాన్ని బ్యాటరీల పక్కనే ఉంచితే ఏమనాలి?

పన్నెండు వారాల నకళ్ళున్నాయిగా అని ఒక లెక్చరరు గారు నాతో అన్నారు. పేరుకు పన్నెండేనండీ. పునరుక్తి తీసేశాక మిగిలింది ఒక్కటే. ఒక ముక్క చెడితే దాన్ని నమ్ముకున్న పన్నెండు వారాలూ చెడతాయి. ఒక డిస్కు పాడైతే తట్టుకునే ఏర్పాటు పెట్టెలో ఉంటుంది, నిజమే. గది కాలితే మాత్రం ఉండదు.

మాది వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో విత్తనం వడ్లు తిండి వడ్లతో కలపరు. అందులోనూ ఒక మూట మా మేనమామగారి ఊళ్ళో ఉంటుంది. నాట్లకు నెల ముందు నాన్న వంద గింజలు తడిగుడ్డలో కట్టి ఎన్ని మొలిచాయో లెక్కపెడతాడు. మొలవని విత్తనం ఎన్ని బస్తాలుంటే ఏం లాభం? మన పెట్టెలోంచి మాత్రం ఈనాటి వరకూ ఒక్క ఫైలైనా వెనక్కి తీసి చూసినవాళ్ళు లేరు. అడిగితే, "అన్నీ ఆకుపచ్చ గుర్తులే చూపిస్తోంది" అన్నారు. ఆకుపచ్చ గుర్తంటే సమాచారం లోపలికి వెళ్ళిందని. బయటికొస్తుందని కాదు.

దొంగల సంగతి వేరే ఉంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగినప్పుడు దాదాపు రెండు వారాలు పనులు చేతిరాతతో నడిచాయి. ఇలాంటి దాడి చేసేవాళ్ళు నకళ్ళను కూడా చెరిపేయాలని చూస్తారు. సర్వర్‌కూ పెట్టెకూ ఒకే పాస్‌వర్డు ఉంటే వాళ్ళకది శ్రమే కాదు. గడువు తీరేదాకా ఏదీ చెరపనివ్వని తాళం ఇలాంటి పెట్టెల్లో ఉంటుంది. మన దాంట్లో అది వేయనేలేదు.

రెండో పెట్టెకు డబ్బులేవీ అంటారు. ఇప్పుడు కొనమని నేననడం లేదు. ఉన్నదాన్ని వేరే భవనానికి మార్చండి. ముఖ్యమైన మార్కుల రికార్డులు ఒక విడి డిస్కులోకి తీసి, తీగ ఊడదీసి, మూడో చోట బీరువాలో పెట్టండి. టర్ముకోసారి ఏదో ఒక వారం నకలును పూర్తిగా వెనక్కి తీసి చూడండి. ఆ పనికి కంప్యూటర్ సైన్స్ విద్యార్థులం ఆదివారాలు వస్తాం, టీ ఇప్పిస్తే చాలు. పూర్వ విద్యార్థులు ఈ పేజీ చదువుతుంటే, ట్రాన్స్‌క్రిప్టుల కోసం మీరు రాసే ఉత్తరాలకు జవాబు ఆ గదిలోంచే వస్తుందని గుర్తుంచుకోండి. రెండో పెట్టె సంగతి మీరు ఆలోచిస్తే కాదనేవాళ్ళెవరూ లేరిక్కడ.

చోటు లేదనడానికి వీల్లేదు. లైబ్రరీ పై అంతస్తులో పాత పత్రికల గది పక్కన చిన్న గది ఖాళీగా ఉంది. తీగ అక్కడిదాకా వేసే ఉంది. తాళంచెవి ఆఫీసులో ఉంది.