ఈ గోడ ఎవరి కొరకు?

మన కొల్లూరు ప్రాంతపు సంఘములలో చందా ఎత్తినచోట నెల్ల మొదట వినబడు మాట ప్రహరిగోడ. దేవుని మందిరమనగా కోటవలె నుండవలెనని పెద్దలు సెలవిచ్చుచున్నారు. మంచిదే. కోటవంటి గుళ్లు లోకములో నిజముగా నున్నవి. వాటి సంగతి విందము.

చెన్నపట్నపు సెంట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ దేవాలయము 1680లో ప్రతిష్ఠింపబడినది. గోడల మందము నాలుగడుగులు. ఫిరంగి గుండు పడినను పగులకుండ రెండడుగుల మందమున కప్పును కమానుగా తిప్పిరి. 1758-59లో ఫ్రెంచివారు కోటను ముట్టడించినప్పుడు ఆ కప్పు నిలిచినది. పనితనమునకు వంక పెట్టలేము. కాని అది కుంపిణీ దొరల గుడి. కోట బయట నల్లపట్టణములోని నేతగాని కొరకు కట్టినది కాదు.

రుమేనియా దేశమున ప్రెజ్మెర్ అను ఊరి గుడి వేరు. 16వ శతాబ్దము నుండి అది మన గుంటూరు మిషనువలెనే లూథరనులది. చుట్టు గోడ ఎత్తు సుమారు 40 అడుగులు. ఆ గోడకు ఆనించి లోపలివైపు, అంతస్తు మీద అంతస్తుగా, 270కి పైగా గదులు! ఊరిలో ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క గది, దానికొక అంకె. శత్రువులు దండెత్తినప్పుడు గింజలు మూటగట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని ఎవరి గదిలో వారు చేరెడివారు. పిల్లలకు బడికూడ అందే యుండెను. బలిపీఠముపై 15వ శతాబ్దపు క్రీస్తు శ్రమల చిత్రములు నేటికిని నిలిచియున్నవి.

మన మీదికి దండెత్తునది కృష్ణ. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు వచ్చినప్పుడు కొల్లూరు మండలపు లంకలు మునిగినవి. అట్టి రాత్రి కరకట్టమీద పట్టా కప్పుకొని కూర్చున్న తల్లికి మీ ప్రహరిగోడ ఏమి చేయగలదు? గోడమీద గాజుపెంకులు, ఇనుపగేటుకు తాళము, తాళపుచెవి తెనాలిలో కాపురమున్న పెద్దగారి జేబులో!

దొంగలు పడుదురందురు. ఏమి ఎత్తుకొని పోదురయ్యా? ఒక మైకు, ఒక హార్మోనియము. వాటికి చిన్న గది చాలును.

ఆ రూకలతో గుడి అరుగును వరద గుర్తుకన్న మూడడుగులు పైకి లేపుడి. డాబామీదికి బయటినుండి మెట్లు కట్టుడి. బోరింగు పంపు ఆ అరుగుమీదనే పెట్టుడి. తాళపుచెవి గుడిప్రక్క ఇంట నుండనిండు. వచ్చినవారిది ఏ కులము, ఏ మతమని వాకిట అడుగవద్దు. గోడ కావలెనన్న నడుమెత్తు కట్టుకొనుడి, మేకలు రాకుండ.

ఈ యేడు సంఘము కూడి తీర్మానపు పుస్తకములో ప్రహరిగోడ అని వ్రాయకముందు, లంకలలో మనవారి ఇండ్లు ఎన్ని, ఏరు పొంగిన రాత్రి వారు ఎక్కడ పండుకొందురు అన్న లెక్క వ్రాయించుడి.