సంజీవయ్య చరిత్రను మనమే సరిచూసుకోవాలి

ఫిబ్రవరి 14 వస్తే చాలు, కర్నూలు, కడప జిల్లాల వాడల్లో దామోదరం సంజీవయ్య పటానికి దండలు పడతాయి. మైకులు కట్టి ఉపన్యాసాలు చెప్తారు, కరపత్రాలు పంచుతారు. మంచిదే. మన పెద్దపాడు బిడ్డ ఆయన. 1921లో మాల ఇంట పుట్టి, 1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నాడు. దేశంలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు. ఆయన తరువాత ఉమ్మడి రాష్ట్రంలో గానీ, విడిపోయిన రెండు రాష్ట్రాల్లో గానీ ఇంతవరకు ఇంకొక దళితుడు ముఖ్యమంత్రి కాలేదు. సామాజిక న్యాయం గురించి గొంతు చించుకునే పార్టీల నోరు మూయించడానికి ఈ ఒక్క సంగతి చాలు.

మరి ఆ కరపత్రాల్లో రాసేవన్నీ నిజమేనా? ఇట్ల అడిగితే కొందరు అన్నలు కోపపడతాండారు. "మనోడి మీద మనమే అనుమానం పెడితే ఎట్లప్పా?" అంటాండారు. అనుమానం ఆయన మీద కాదు, మనం రాసే రాతల మీద. వాళ్ళ చరిత్రలో వంద అబద్ధాలున్నా అది చరిత్రే, బడి పుస్తకంలో పాఠమే. మన చరిత్రలో ఒక తేదీ తప్పితే మొత్తం పుక్కిటి పురాణం అయిపోతుంది. ఆ సందు మనమెందుకు ఇయ్యాల?

వృద్ధాప్య పింఛను సంగతి చూడండి. దేశంలోనే మొదటిసారి పింఛను పెట్టింది సంజీవయ్య అని ప్రతి సభలో చెప్తారు. ఉత్తరప్రదేశ్‌లో 1957లోనే పెట్టినారు. మన రాష్ట్రంలో మొదలైంది 1960లో, సంజీవయ్య ప్రభుత్వంలో. "మన రాష్ట్రంలో మొదలుపెట్టింది ఆయనే" అంటే ఎవడూ కాదనలేడు. "దేశంలోనే" అన్న ఒక్క మాట తగిలించి ఉన్న గౌరవం కూడా పోగొట్టుకుంటున్నాం. తెలుగును అధికార భాషగా చేసే చట్టం తెచ్చినాడని ఇంకొక రాత. ఆ చట్టం 1966లో, కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు వచ్చింది. సంజీవయ్య దిగిపోయింది 1962 మార్చిలో. తెలుగును ఇష్టపడినాడని చెప్పడం వేరు, చట్టం తెచ్చినాడని రాయడం వేరు. కుర్చీ ఎక్కిననాటికి ఆయనకు 38 ఏళ్ళు, ఇంకొక నెలకు 39 నిండుతాయి. ఇది నిజం. కానీ నేటికీ దేశంలో ఆయనే అతి చిన్న వయసు ముఖ్యమంత్రి అనరాదు. 1985లో అస్సాంలో ప్రఫుల్ల కుమార్ మహంత 33 ఏళ్ళకే అయినాడు. అవినీతి నిరోధక శాఖ 1961 జనవరి 2న పని మొదలుపెట్టిందనేది మాత్రం ఎక్కడ వెతికినా నిలబడుతుంది. అది ధైర్యంగా రాయండి.

మనవాళ్ళకు చేదుగా ఉండే సంగతి కూడా ఒకటుంది. సంజీవయ్య చివరిదాకా కాంగ్రెస్‌వాడే. 1962లో ఆ పార్టీకి అఖిల భారత అధ్యక్షుడైనాడు. 1972లో చనిపోయేనాటికి మళ్ళీ ఆ పదవిలోనే ఉన్నాడు. అంబేడ్కర్ కాంగ్రెస్‌తో జీవితమంతా తలపడినాడు. ఇద్దరి పటాలు పక్కపక్కన పెట్టడానికి మాకేం అభ్యంతరం లేదు. ఇద్దరిదీ ఒకే బాట అని రాస్తే మాత్రం అబద్ధమే.

ఇంగ నెహ్రూ మనిషి పెద్దపాడు వచ్చిన కథ. సంజీవయ్య ఆస్తులు కూడబెట్టినాడని ఎవరో చాడీ చెప్పినారంట. నెహ్రూ రహస్యంగా ఒకాయన్ను పంపితే, ఆయన కొట్టం ముందర కట్టెల పొయ్యి ఊదుతున్న ముసలమ్మను చూసి, ఈమె ముఖ్యమంత్రి తల్లా అని బిత్తరపోయినాడంట. ఈ కథ ఒకరు చెప్పినట్టు ఇంకొకరు చెప్పరు. వచ్చినాయన పేరు మారుతుంది, తల్లి అన్న మాటలు మారుతాయి. ఇంటిల్లిపాదీ కన్నీళ్ళు పెట్టుకుంటూ వింటాం. అయితే ఈ కథను మనకన్నా ఎక్కువ ఇష్టంగా చెప్పేది ఎవరో గమనించినారా? దళితుడు పేదగా బతికి, పేదగా చస్తే పెద్దోళ్ళకు భలే ముచ్చట. ఆయన ఏ ఫైలు మీద సంతకం చేసినాడు, ఏ భూమి ఎవరి చేతికి పోయింది అనే మాటెత్తితే మాత్రం మైకు పనిచేయదు.

ఈ చిక్కు మనకొక్కరికే లేదు. అమెరికాలో నల్లవాళ్ళకూ వచ్చింది. అక్కడ బేస్‌బాల్ అని కర్రతో బంతిని కొట్టి పరుగెత్తే ఆట ఉంది, మన పిల్లలాడే క్రికెట్‌కు దాయాది లాంటిది. తెల్లవాళ్ళ పెద్ద జట్లలోకి నల్లవాళ్ళను రానీయలేదు. జాకీ రాబిన్సన్ 1947 ఏప్రిల్ 15న అడుగుపెట్టి, "మొదటి నల్ల ఆటగాడు" అనిపించుకున్నాడు. నిజానికి 1884లోనే మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లవాడు ఆడినాడు. ఆ తరువాత తలుపులు మూసినారు. మూసిన సంగతి మరుగున పడితేనే గదా, తెరిచినవాళ్ళకు పేరొచ్చేది!

బయట ఉంచిన ఆ కాలంలో నల్లవాళ్ళు సొంత జట్లు, సొంత లీగులు కట్టుకున్నారు. అందులో జాష్ గిబ్సన్ అనే మొనగాడు 800 దాకా హోమ్ రన్లు, అంటే బంతిని మైదానం దాటించే దెబ్బలు, కొట్టినాడని పేరు. 1972లో ఆయనకు పెట్టిన గౌరవ ఫలకం మీద కూడా ఆ మాటే చెక్కినారు. తెల్లవాళ్ళు చదివి "కథలే" అని నవ్వుకునేవాళ్ళు. తరువాత కొందరు కూర్చుని ఏళ్ళ తరబడి వెతికినారు. తెల్ల పత్రికలు వేయని స్కోర్లు నల్లవాళ్ళ సొంత పత్రికల్లో, చికాగో డిఫెండర్, పిట్స్‌బర్గ్ కొరియర్ లాంటి వాటిలో దొరికినాయి. లీగు ఆటల్లో లెక్క తేలిన హోమ్ రన్లు 200 కూడా లేవు. ఊరూరా తిరిగి ఆడిన ఆటలకు కాగితమే లేదు. అయితే అదే లెక్కలో ఇంకొకటి బయటపడింది. వెయ్యిసార్లు బ్యాటు పడితే 372 సార్లు బంతిని సరిగ్గా కొట్టిన లెక్క గిబ్సన్‌ది. అంతవరకు అందరికన్నా పైనున్న తెల్లాయన టై కాబ్‌ది 367. 2024 మే నెలలో ఆ అంకెలను అధికారిక పుస్తకంలోకి ఎక్కించినారు. గిబ్సన్ 35 ఏళ్ళకే, రాబిన్సన్ అడుగుపెట్టడానికి మూడు నెలల ముందు చనిపోయినాడు, చూసుకోలేదు. 800 అన్నన్ని రోజులూ నవ్విన నోళ్ళను మూయించింది ఆ 372.

మన 800 ఏది? సంజీవయ్య 6 లక్షల ఎకరాలు పంచినాడన్న మాట. ప్రతి కరపత్రంలో ఉంటుంది. దాని కింద ఊరి పేరు ఉండదు, సర్వే నంబరు ఉండదు, పట్టా పొందినవాడి పేరు ఉండదు. ఆ అంకె వాడ వాడనా విడగొట్టి చూపితే దానికి బలం. ఇది జయంతి ఉపన్యాసంతో పోయే పని కాదు, తిండికి సంబంధించినది. ప్రభుత్వం ఇచ్చిన అసైన్‌మెంటు భూమిని కొనడం, అమ్మడం చెల్లదని 1977లో చట్టం వచ్చింది. పరుల చేతికి పోయిన భూమిని వెనక్కు తీసుకుని, పొందినవాళ్ళకో వారసులకో ఇప్పించే దారి అందులో ఉంది. పట్టా ఇచ్చి 20 ఏళ్ళు దాటితే పూర్తి హక్కులని 2023లో ఆ చట్టాన్ని సవరించినారు. రెండింటికీ అడిగేది ఒకటే: పట్టా ఏ తేదీన, ఎవరి పేరున ఇచ్చినారు? చౌడు నేలకు, రాళ్ళ గుట్టకు ఇచ్చిన కాగితమని తాతలు ట్రంకు పెట్టెలో పడేసినారు. అవ్వ చనిపోతే పెట్టె పాత సామానోనికి పోతుంది. ఆ భూమిలో ఈపొద్దు ఎవరి బోరు నీళ్ళు పారుతున్నాయో మీకే తెలుసు.

కాబట్టి అన్నలారా, అక్కలారా, ఈ ఏడు దండతో పాటు ఒక నోటు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరగండి. 1960 నుంచి 1962 లోపల ఇచ్చిన డీకేటీ పట్టాలు యాడున్నా వెతకండి. తేదీ, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఎవరి పేరున ఉంది, ఇప్పుడు ఎవరు దున్నుతున్నారు అన్నీ రాయండి. పట్టా పోయుంటే శిస్తు రశీదులు చూడండి. తహసీల్దారు ఆఫీసులో అడిగేటప్పుడు పాత తాలూకా పేరుతో అడగండి. మండలాలు 1985లో వచ్చినాయి, పాత రికార్డుల్లో ఆ పేర్లు దొరకవు. కాగితం అసలు ఎవరి చేతికీ ఇయ్యొద్దు, మాకు కూడా ఇయ్యొద్దు. నకలు తీయించి పంపండి. వచ్చినవి వచ్చినట్టు, ఊరి పేరుతో సహా, వచ్చే సంచికల్లో అచ్చు వేస్తాం. ఒక్క ఎకరా తేలినా వేస్తాం.