దోమపై దోమ

వానలు పట్టగానే మన పట్టణములలో డెంగీ జ్వరము తిరుగాడుట యేటేటి తంతు అయిపోయినది. నాలుగిండ్లలో జ్వరము పొడసూపిన పిమ్మట పురపాలక సంఘమువారి పొగబండి వీధివెంట బోవును. పిల్లలు కేకలు వేయుచు దానివెంట పరుగెత్తుదురు. పొగ విరియగానే దోమలు మరల వచ్చును. ఎగురుచున్న దోమలలో కొన్నిటిని ఆ పొగ చంపవచ్చును గాని, మంచము క్రిందను బట్టల చాటునను దాగిన దానిని చేరుట అరుదు. గ్రుడ్ల జోలికి పోనే పోదు. డెంగీదోమ మురుగుకాలువను కోరునది గాదు. మన కూలరులో, మేడమీది తొట్టిలో, పెరటిలోని పాత టైరులో నిలిచిన తేటనీరు దానికి పురిటిల్లు. ఆ గ్రుడ్లు నీరెండినను నెలల తరబడి చావక మరల నీరు తగులుదాక వేచియుండును.

ఇట్టి శత్రువుపై ప్రయోగింపబడుచున్న ఉపాయ మొకటి పాఠకులకు వింతగా తోచవచ్చును: పట్టణముమీదికి మరిన్ని దోమలను విడుచుట! అయితే విడుచునవి మగదోమలు. కుట్టునది ఆడుదోమ మాత్రమే. మగది పూలతేనెయు మొక్కల రసమును త్రాగి బ్రతుకును. వోల్బాకియా యను సూక్ష్మజీవి అనేక జాతుల పురుగులలో సహజముగా కాపురముండునది. దానిని ప్రయోగశాలలో డెంగీదోమకు పట్టించి, మగవానిని వేరుచేసి వీధులలో విడుతురు. అవి వీధిలోని ఆడుదోమలతో కూడిన పిమ్మట పెట్టబడిన గ్రుడ్లనుండి పిల్లలు వెడలవు. ఆడుదోమ సాధారణముగా జీవితమున నొక్కమారే కూడును గనుక దాని వంశము అంతటితో సరి.

ఇది నిన్నమొన్నటి ఊహ గాదు. ఈ సూక్ష్మజీవిని హెర్టిగ్, వోల్బాక్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1924లోనే దోమ శరీరమున చూచియుండిరి. మన తెలుగువారు చిరకాలము ఎరిగిన రంగూను నగరమునకు చేరువనున్న ఓక్పో గ్రామమున లావెన్ అను జర్మను శాస్త్రవేత్త 1967లో బోదకాలు దోమపై ఈ పద్ధతినే నడిపి దాని నచట రూపుమాపెను. దీని కంతకును మూలము ఆ సూక్ష్మజీవియే యని 1971లో గాని తేలలేదు. సింగపూరు ప్రభుత్వము 2016 నుండి డెంగీదోమపై ఈ పని నడిపించి, టాంపినిస్, యీషున్ పేటలలో దోమలు నూటికి 80 మొదలు 90 వంతులదాక తగ్గినట్లు ప్రకటించెను. అమెరికాలోని ఫ్రెస్నో నగరమున 2018లో కుట్టు దోమలు నూటికి 95 వంతులు తగ్గినవి.

మరి ఓక్పోకు ఇంత దగ్గరనున్న మనము ఇన్నేండ్లు ఏల ఊరకుంటిమి? ఊరకుండలేదు. 1970 ప్రాంతమున ప్రపంచారోగ్య సంస్థయు భారత వైద్య పరిశోధన మండలియు కలిసి ఢిల్లీలో నొక కేంద్రము నెలకొల్పి, చుట్టుపట్ల గ్రామములలో మగదోమలను విడిచి పరీక్షించిరి. సొమ్ము అమెరికావారిది. 1974లో పత్రికలు ప్రశ్నింపసాగెను. మన దేశమున డెంగీదోమ కలదు, దాని మూలమున వ్యాపింపగల పచ్చజ్వరము లేదు. ఆ దోమ ఎంత దూర మెగురునో, ఎన్నాళ్లు బ్రతుకునో పరదేశపు సొమ్ముతో లెక్కించుట ఎవరి ప్రయోజనమునకు? యుద్ధమునకు పనికివచ్చు సమాచారము కాదా? పార్లమెంటు ప్రభుత్వ లెక్కల సంఘము విచారించి 1975లో ఘాటైన నివేదిక సమర్పించెను. సోనేపట్ పట్టణమున విడువదలచిన దోమలు విడువబడలేదు. ఆ యేడే కేంద్రము మూతపడెను.

న్యాయవాదవృత్తిలో నున్నవాడ నగుటచే ఒక మాట చెప్పుదును. యుద్ధప్రయోజన మను ఆరోపణ ఋజువైనదని నేను వాదింపను. కాని ప్రశ్నించినవారిని అజ్ఞానులని ఈసడించుట మరింత అన్యాయము. పరాయి పాలన చవిచూచిన జాతి, తన వీధిలో పరులు చేయు పరీక్షను గూర్చి అడుగక ఉండునా? ముందుగా చెప్పవలసినవారు చెప్పకపోవుటచేతనే మంచివిద్య యొకటి అనుమానముపాలై మూలబడెను.

ఇపుడా విద్య మరల మన గుమ్మము త్రొక్కుచున్నది. పుదుచ్చేరిలోని మన పరిశోధనాలయమువారు వోల్బాకియా గల డెంగీదోమలను తామే తయారుచేసితిమని 2022లో ప్రకటించిరి. విడుచుటకు ప్రభుత్వానుమతి కావలయుననియు చెప్పిరి. ఈ పని పరదేశపు కంపెనీ చేత గాక మనవారి చేత జరుగుట సంతోషకరము. అయినను సంతోషము ప్రశ్నలకు అడ్డు కారాదు. పుదుచ్చేరివారు తలపెట్టినది మగదోమల పద్ధతి గాదు. ఆడుదోమలను గూడ విడిచి, ఆ సూక్ష్మజీవిని వీధిదోమలన్నిట నాటుకొననిచ్చి, వాని శరీరమున డెంగీ విషక్రిమి పెరుగకుండ చేయుట వారి పద్ధతి. జావాలోని యోగ్యకర్తలో ఈ రీతిచే డెంగీ నూటికి 77 వంతులు తగ్గినట్లు 2021లో వెల్లడియైనది. ఫలము మెచ్చదగినదే, కాని అచట విడుచునవి కుట్టు దోమలు. ఒక పద్ధతి పేరు చెప్పి రెండవదానికి పౌరుల సమ్మతి పుచ్చుకొనుట చెల్లదు.

మగదోమల పద్ధతికిని చిక్కులు లేకపోలేదు. వేరుచేయుటలో పొరపాటున సూక్ష్మజీవి గల ఆడుదోమలు కొన్ని జారి వీధిలో స్థిరపడినచో, పిమ్మట విడుచు మగదోమలు నిష్ప్రయోజనములు. అందుకే సింగపూరువారు ఎక్స్‌రే కిరణములను గూడ ప్రయోగించిరి. ఇది ఒకనాటితో తీరు పనియు గాదు. విడుచుట మానినచో ప్రక్కపేట దోమలు వచ్చి చేరును. కావున వ్యయము ఏటేట మోయవలసినది. తన చెత్తబండ్లకే సొమ్ము చాలదను పురపాలక సంఘము దీనిని ఎట్లు మోయును? మొదటి యేడు ఆర్భాటముగ నడిపి రెండవ యేడు విడిచిపెట్టుటకంటె మొదలుపెట్టకుండుటే మేలు.

కనుక దోమలపెట్టె తెరువకముందే ఏ పద్ధతియో, ఎవరు పెంచుదురో, ఎంత సొమ్మో, ఎన్నేండ్లో తెలుగున వ్రాసి వార్డువార్డునకు పంచవలయును. దోమలు విడిచిన పేటయు విడువని పేటయు ప్రక్కప్రక్కన పెట్టి, రెంటిలోని జ్వరముల లెక్క నెలనెల ప్రకటింపవలయును. ఆ కాగితము ప్రతి పఠనమందిరపు గోడకు అంటింపబడవలయును. ఈలోపల కూలరులోని నీరు వారమున కొకమారు పారబోయుటకు మనకు ఎవరి అనుమతియు అక్కరలేదు.