ప్యాక్‌మ్యాన్ పెట్టెకు మరమ్మతు!

చుక్కలు మింగుతూ పరుగెత్తే పసుప్పచ్చ ప్యాక్‌మ్యాన్... 1980లో జపాన్ కంపెనీ నామ్కో తెచ్చిన ఆట. అప్పట్లో కాసు వేస్తే ఆడించిన ఆ నిలువెత్తు పెట్టెల్ని అమెరికాలో కొందరు ఇంటికి తెచ్చుకుని, సొంతంగా బాగుచేసుకుంటున్నారు. తెరమీద బొమ్మ వంకర్లు పోతోందా? చాలాసార్లు తప్పు పాడైన కెపాసిటర్లదే. మారిస్తే బొమ్మ కుదురుకుంటుంది. పిక్చర్‌ట్యూబ్‌తో మాత్రం జాగ్రత్త! ప్లగ్గు పీకేశాక కూడా అందులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. అది తెలిసినవాళ్లు ముట్టుకోవాల్సిన పని. ఈ తంటా ఎందుకని లోపలి సరంజామా పీకేసి, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ బిగించేవాళ్లూ ఉన్నారు. బోలెడు ఆటలొస్తాయి, నిజమే. కానీ ఎనిమిది దిక్కులా కదిలే జాయ్‌స్టిక్ పెడితే ప్యాక్‌మ్యాన్ మలుపుల్లో తడబడతాడు. అతనికి తెలిసినవి నాలుగు దిక్కులే మరి! పిక్చర్‌ట్యూబుల తయారీ దాదాపు ఆగిపోయింది. అందుకే తెలివైనవాళ్లు పీకినవాటిని పారేయకుండా భద్రంగా దాచుకుంటున్నారు.